రక్షణ నుంచి నిబంధనకు: తెలుగు యూదుల మతాంతరం

మతాంతరాన్ని గురించి మాట్లాడవలసి వచ్చినప్పుడల్లా మన అభ్యుదయ విమర్శ రెండు సమాధానాలతో సరిపెట్టుకుంటున్నది. పేదవాడు కూటికోసం, బడికోసం, ఉద్యోగం కోసం మతం మారాడనేది మొదటి సమాధానం. ఒక భ్రమను విడిచి మరొక భ్రమలో పడ్డాడనేది రెండవది. మొదటి దానిలో ఆర్థిక కారణం ఉన్నది గాని మనిషి లేడు. రెండవ దానిలో తీర్పు ఉన్నది గాని పరిశీలన లేదు. మతం మారిన మనిషి ఏమి ఆలోచించి మారాడు? పాత మతం ఇస్తానన్న దానిలో ఏది తనకు అందలేదని కొత్త గడప తొక్కాడు? ఈ ప్రశ్నలను రెండు సమాధానాలూ దాటవేస్తాయి. శ్రమజీవుల పక్షాన ఉన్నామని చెప్పుకునే మనం, శ్రమజీవికి తన రక్షణను గురించి ఒక ఆలోచన ఉంటుందని ఒప్పుకోకపోతే ఆ పక్షానికి విలువేమిటి?

ఈ ప్రశ్నకు గీటురాయి వంటి ఉదంతం ఒకటి తెలుగునాటనే ఉన్నది. గుంటూరు జిల్లాలో చేబ్రోలు ఉన్నది. దానికి దగ్గరలోని కొత్తరెడ్డిపాలెంలో కొన్ని మాదిగ కుటుంబాలు తాము యూదులమని ప్రకటించుకుని 1991లో సమాజమందిరం పెట్టుకున్నాయి. అంతకు ముందు వారు క్రైస్తవులు. ఇప్పుడు తమను తాము బెనె ఎఫ్రాయిము, అంటే ఎఫ్రాయిము సంతానం అని పిలుచుకుంటారు. వారి నాయకులలో ఒకరైన షమూయేలు యాకోబి క్రైస్తవ బోధకుడుగా పనిచేసినవాడు. 1980ల్లో యెరూషలేము చూసివచ్చి, తన సమూహపు మూలాలను ఇశ్రాయేలు గోత్రాలతో ముడిపెడుతూ 2002లో ఒక గ్రంథం వెలువరించాడు. ఆయన సోదరుడు సాదోకు యాకోబి కొత్తరెడ్డిపాలెం సమాజానికి నాయకత్వం వహించాడు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ సమూహాన్ని దగ్గరగా చూసి రాసిన పుస్తకాన్ని 2013లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం ప్రచురించింది. వారు చూసేనాటికి ఆ ఊళ్ళో ఉన్నవి నలభై కుటుంబాల లోపే. ఎక్కువమంది వ్యవసాయ కూలీలు.

నలభై కుటుంబాల సంగతికి ఒక సాహిత్య విమర్శ పత్రికలో చోటెందుకని కొందరు అడగవచ్చు. సంఖ్య చిన్నదే. కాని ఆ కుటుంబాలు వేసుకున్న ప్రశ్న చిన్నది కాదు. పైగా అది మొదట భాషలో, మాటల అర్థంలో పుట్టిన ప్రశ్న. అందువల్ల దానిని పరిశీలించే బాధ్యత సాహిత్యం చదువుకున్నవారి మీద కూడా ఉన్నది.

ఆ మాటల్లో ప్రధానమైనది 'రక్షణ'. జ్యోతినగర్‌లో ఉంటూ ఈ బొగ్గుగనుల ప్రాంతపు పిల్లలకు పాఠం చెప్పే నాకు ఆ మాట రోజూ రెండుచోట్ల కనిపిస్తుంది. ప్రార్థనాలయం గోడమీద రక్షణ అంటే పాపం నుంచి, నరకం నుంచి ఆత్మకు విడుదల. గని ముఖద్వారం దగ్గర రక్షణ అంటే పైకప్పు కూలకుండా, విషవాయువు కమ్మకుండా ప్రాణం కాపాడుకోవడం. సింగరేణిలో ఏటా జరిపే రక్షణ పక్షోత్సవాలు ఈ రెండవ అర్థానివి. మొదటి రక్షణ ఒక్కొక్కరికి విడివిడిగా వస్తుంది. విశ్వసించినవాడు బయటపడతాడు, పక్కవాడు పడకపోవచ్చు. రెండవది అలా రాదు. పైకప్పుకు ఆధారం సరిగా పెట్టకపోతే కింద దిగిన షిఫ్టు అంతటికీ ప్రమాదమే. ఒకే మాటకు ఉన్న ఈ రెండు అర్థాల తేడా మనసులో పెట్టుకుంటే కొత్తరెడ్డిపాలెం కథ సగం బోధపడుతుంది.

మొదట, క్రైస్తవం ఈ మాటను మాదిగవాడలకు ఎట్లా తెచ్చిందో చూడాలి. అమెరికన్ బాప్టిస్టు మిషను 1840లో నెల్లూరులో స్థిరపడింది. పాతికేళ్ళపాటు దానికి దొరికిన విశ్వాసులు బహు కొద్దిమంది. 1866లో ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోళ్ళ వ్యాపారి బాప్తిస్మం పొందిన తరువాత ఒంగోలు ప్రాంతంలో పరిస్థితి మారింది. తరువాత 1876-78 కరవు వచ్చింది. జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని గుత్తకు తీసుకుని ఆకలితో ఉన్నవారికి పని చూపించాడు. కరవు సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపివేశాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజునే 2,222 మంది బాప్తిస్మం పొందారు. కూటికోసమే మారారనే వాదానికి ఈ చరిత్రలో అడ్డు తగిలే సంగతి ఒకటున్నది. కూడు ముందు దొరికింది, బాప్తిస్మం తరువాత వచ్చింది. ఊరు ఊరంతా, కులం కులమంతా కలిసి నీటిలో దిగిన ఆ రోజున, మిషనరీ చెప్పిన రక్షణ వ్యక్తిదే అయినా మాదిగలు దానిని సామూహికంగానే అందుకున్నారు.

ఈ మతం చాలా ఇచ్చింది. అక్షరం, కొత్త పేరు, పంతులు ఉద్యోగం, నర్సు ఉద్యోగం ఇచ్చింది. నీవు దేవుని బిడ్డవు అనే ఒక వాక్యాన్ని ఇచ్చింది. ఆ వాక్యం విలువను తక్కువ చేసి చూసేవాడు వాడను ఎరగడు. కాని పొలం ఇవ్వలేదు, ఊరిబావి ఇవ్వలేదు. కులం గుడి బయట ఆగిపోనూలేదు. గుంటూరు సీమలో లూథరన్లంటే మాలలు, బాప్టిస్టులంటే మాదిగలు అనే వాడుక ఉన్నదంటే, దేవుని ఇంట్లోనూ వాడలు వేరుగానే ఉన్నాయన్నమాట. దీనిమీద ప్రభుత్వం వేసిన ముడి మరొకటి. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు హిందువులకే ఆ హోదా ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలుపుకున్నది గాని క్రైస్తవులను, ముస్లింలను కలుపుకోలేదు. మన రాష్ట్రాలలో క్రైస్తవుడైన దళితునికి వెనకబడిన తరగతుల 'సి' విభాగంలో ఒక శాతం వాటా చూపించారు. ఫలితం అందరికీ తెలిసిందే. ఆదివారం ఒక పేరు, కచేరీ కాగితంమీద మరొక పేరు. ఊరు మాత్రం రెండు పేర్లనూ పట్టించుకోక పాత పేరుతోనే పిలుస్తుంది.

ఊరు ఆ పాత పేరుతో ఎంతకు తెగించగలదో 1985 జూలై 17న కారంచేడు చూపించింది. అక్కడ చనిపోయినవారు మాదిగలు. 1991 ఆగస్టు 6న చుండూరు చూపించింది. కొత్తరెడ్డిపాలెంలో సమాజమందిరం వెలిసింది అదే సంవత్సరం, అదే గుంటూరు జిల్లాలో. ఒకటి కారణం, మరొకటి కార్యం అని నేననను. వారి ఆలోచన అంతకు చాలాముందే మొదలయింది. కాని ఆ కాలపు గాలి ఒక్కటే. 1994లో ఈదుమూడిలో మాదిగ దండోరా మోగింది కూడా ఆ గాలిలోనే. పరలోకంలో రక్షణ ఉన్నదని నమ్మిన మనిషికి ఈ లోకంలో తాను ఎవరు అనే ప్రశ్న తేలకుండా మిగిలిపోయిందని ఆ దశాబ్దం చెప్పింది.

ఇక యూదమతం రక్షణను ఎట్లా చూస్తుందో పరిశీలిద్దాం. క్రైస్తవ బోధలో మనిషి పుట్టుకతోనే పాపి. ఆ పాపానికి క్రీస్తు సిలువమీద వెల చెల్లించాడు. విశ్వసించినవానికి విడుదల. యూద సంప్రదాయం ఈ జన్మపాపాన్ని ఒప్పుకోదు. మనిషిలో మంచికీ చెడ్డకూ మొగ్గు ఉన్నది, ఏది చేయాలో ధర్మశాస్త్రం చెప్పింది, తప్పినవాడు వెనుదిరిగి రావచ్చు అంటుంది. దానిని వారు తెషూవా అంటారు, తిరిగి రావడమని అర్థం. తెలుగు బైబిలులోని 'మారుమనస్సు' అనే మాటతో దీనిని పోల్చి చూడండి. ఒకదానిలో మనసు మారడం ఉన్నది, మరొకదానిలో దారి మళ్ళి రావడం ఉన్నది. కొత్తరెడ్డిపాలెం వారు తాము మతం మారలేదని, సొంత ఇంటికి తిరిగివచ్చామని అంటారు. ఈ తేడా తెలియకపోతే ఆ మాట వట్టి సాకుగా వినిపిస్తుంది.

ఇంకొక సంగతి మన పాఠకులను ఎక్కువగా ఆలోచింపజేయవలసింది. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన మిష్నా గ్రంథం ప్రాయశ్చిత్తార్థ దినాన్ని గురించి ఒక నియమం చెబుతుంది. మనిషి దేవునికి చేసిన అపరాధాలకు ఆ దినం ప్రాయశ్చిత్తం. తోటిమనిషికి చేసిన అపరాధానికి మాత్రం, ఆ మనిషిని సమాధానపరచేదాకా ఆ దినం కూడా ప్రాయశ్చిత్తం కాదు. దీని అర్థమేమిటి? కొట్టినవాడు దేవుని దగ్గరకు వెళ్ళి క్షమాపణ తెచ్చుకుంటే సరిపోదు, దెబ్బతిన్నవాని గడప ముందుకు రావాలి. శతాబ్దాలుగా దెబ్బతిన్నవారికి ఈ నియమం ఎట్లా వినిపిస్తుందో ఊహించడం కష్టం కాదు.

విశ్రాంతిదినం సంగతి కూడా అటువంటిదే. పది ఆజ్ఞలు బైబిలులో రెండుచోట్ల వస్తాయి. ద్వితీయోపదేశకాండంలో విశ్రాంతిదినానికి చెప్పిన కారణం, నీవు ఐగుప్తులో దాసుడవుగా ఉండిన సంగతి మరవవద్దనేది. దాసునికి, దాసికి, పశువుకు కూడా ఆ విశ్రాంతి వర్తిస్తుంది. మా గనుల్లో ప్లేడే అనే వారపు సెలవు ఉన్నది, అది కార్మికచట్టం వల్ల వచ్చింది. దినకూలీకి ఆ చట్టం అందదు. కొత్తరెడ్డిపాలెంలో శనివారం పని మానడమంటే ఒకరోజు కూలి వదులుకోవడమే. మతం మారితే లాభం ఉంటుందనే సిద్ధాంతానికి ఈ లెక్క ఎక్కడ సరిపోతుంది?

పైగా, యూదుడు కానివాడు రక్షణ కోసం యూదుడు కానక్కరలేదని ఆ సంప్రదాయమే చెబుతుంది. నోవహు సంతతికి ఇచ్చిన ఏడు నియమాలు పాటించే ఏ జాతి సజ్జనునికైనా రాబోయే లోకంలో పాలు ఉన్నది. అంటే నరకభయంతో యూదమతంలోకి పోవలసిన పని ఎవరికీ లేదు. అయినా ఈ కూలీలు పోయారంటే, ఆత్మరక్షణ కాక మరొకటేదో కావాలనుకున్నారు. ఆ మరొకదానికి తెలుగు బైబిలులోనే మాట ఉన్నది: నిబంధన. ఒక జనం మొత్తంగా, బానిసత్వం నుంచి బయటపడి, కొన్ని బాధ్యతలకు కట్టుబడి, ఒక చరిత్రకు వారసులు కావడం. నా దృష్టిలో ఈ మతాంతరపు సారాంశం ఇదే. 'నేను రక్షింపబడ్డానా?' అనే ప్రశ్న వెనక్కుపోయి 'మేము ఎవరము?' అనే ప్రశ్న ముందుకు వచ్చింది.

క్రైస్తవంలో ఈ దారి బొత్తిగా లేదనడం అన్యాయమవుతుంది. 1971లో పెరూ దేశపు మతాచార్యుడు గుస్తావో గుతియెర్రెజ్ విమోచన వేదాంతాన్ని గ్రంథరూపంలో పెట్టినప్పుడు ఐగుప్తు నుంచి దాసుల విడుదలను పునాదిగా తీసుకున్నాడు. మన దేశంలో 1980ల నుంచి దళిత క్రైస్తవ చింతకులు అదే పని చేశారు. కాని ఆ ఆలోచన గ్రంథాలలో నడిచినంతగా వాడలోని ప్రసంగవేదికమీద నడవలేదు.

ఇక్కడే విమర్శకుని పని మొదలవుతుంది. 'మేము ఎవరము?' అనే ప్రశ్నకు యాకోబి ఇచ్చిన సమాధానం ఏమిటి? క్రీ.పూ. 722లో అష్షూరు రాజులు ఇశ్రాయేలు ఉత్తర రాజ్యాన్ని కూల్చి ప్రజలను చెరపట్టారు. ఆ చెదిరిపోయిన గోత్రాలలో ఎఫ్రాయిమువారు తూర్పుదేశాల మీదుగా భారతదేశానికి, చివరకు ఆంధ్రదేశానికి వచ్చారు. ఇక్కడి వర్ణవ్యవస్థకు లొంగక పశుమాంసం తింటూ వచ్చినందున అంటరానివారయ్యారు. ఇది వారి కథ. దీనికి చరిత్రలో రుజువు లేదు. తెలుగు మాటలకు హీబ్రూ మాటలకు ధ్వనిసామ్యం చూపించినంత మాత్రాన చుట్టరికం తేలదు. ఒకటి ద్రావిడభాష, మరొకటి సెమిటిక్ భాష. ఈ సంగతి మొగమాటం లేకుండా చెప్పాలి.

అయితే ఈ కథను చరిత్రగా కొట్టివేసి ఊరుకుంటే కథగా చదవడం మిగిలిపోతుంది. మా కరీంనగర్, ఆదిలాబాదు, నిజామాబాదు జిల్లాల మాదిగవాడల్లో చిందువారు జాంబపురాణం ఆడతారు. అందులో ఆదిజాంబవుడు భూమికంటే ఆరునెలలు ముందు పుట్టినవాడు. బ్రాహ్మణునితో వాదానికి నిలిచి, కులం పుట్టుక అడుగుతాడు. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన చేరినవారు పంచములనే పేరు తోసివేసి ఆదిఆంధ్రులమన్నారు. 1948లో అంబేద్కరు అంటరానివారి పుట్టుకమీద గ్రంథం రాస్తూ, వారు బౌద్ధం విడవనందున, గోమాంసం మాననందున వెలి అయిన ఓడిపోయిన జనమన్నాడు. ఇప్పుడు యాకోబి కథను వీటి పక్కన పెట్టండి. నాలుగింటి నిర్మాణం ఒక్కటే. మేము మొదట గొప్పవారము, మాకు జరిగింది పతనం, అది మా పాపఫలం కాదు, మీరు చేసిన అన్యాయం. కర్మసిద్ధాంతం నీ పుట్టుకకు నీవే బాధ్యుడవన్నది. మిషనరీ బోధ కూడా నీవు పుట్టుకతో పాపివన్నది. ఈ రెండు మాటలనూ ఒక్కసారిగా తిరస్కరించే సాధనంగా ఈ కథలు పుట్టాయి. మార్క్సు 1844లో మతాన్ని మత్తుమందుతో పోల్చాడని అందరూ గుర్తుపెట్టుకుంటారు. అంతకు ముందు వాక్యాలలోనే మతం బాధను వ్యక్తం చేస్తుందనీ, బాధమీద నిరసన కూడా తెలుపుతుందనీ చెప్పిన సంగతి మరచిపోతారు.

నిరసన ఉన్నదని ఒప్పుకున్నాక, దాని పరిమితిని కూడా చెప్పకపోతే అది విమర్శ కాదు. వంశాన్ని అడ్డుపెట్టుకుని అవమానించినవానికి వంశంతోనే జవాబు చెబితే, పుట్టుకను బట్టి గౌరవం అనే సూత్రం చెక్కుచెదరకుండా మిగిలిపోతుంది. ఎఫ్రాయిము సంతానమైతే గౌరవనీయుడు. మరి ఏ గోత్రమూ లేని పక్కింటి కూలీ సంగతి? అంబేద్కరు ఈ ప్రమాదాన్ని ఎరుగును. ఆయన పూర్వచరిత్ర చెప్పాడుగాని, 1956 అక్టోబరు 14న నాగపూరులో ధర్మదీక్ష పుచ్చుకున్నప్పుడు దాని తలుపు వంశంతో పని లేకుండా అందరికీ తెరిచే ఉంచాడు. యాకోబి కథ తలుపు అంత వెడల్పుగా లేదు.

రెండవ పరిమితి, గుర్తింపు ఇచ్చే అధికారం చేతులు మారడం. మిజోరం, మణిపూరులలోని బెనె మెనష్షే సమూహాన్ని 2005లో ఇజ్రాయెలు ప్రధాన మతాచార్యుడు ఒకరు పోయిన గోత్రపు సంతతిగా అంగీకరించాడు. అయినా వారు శాస్త్రోక్తంగా మతం పుచ్చుకోవలసిందేనన్నారు. కొత్తరెడ్డిపాలెం వారికి, ఆ పరిశోధకుల పుస్తకం వచ్చేనాటికి, ఆ గుర్తింపు కూడా దొరకలేదు. 'నీవు ఎవరవు' అనే ప్రశ్నకు జవాబు చెప్పే అధికారం నిన్నటిదాకా ఊరి పెద్దలది, తరువాత మిషను దొరలది, ఇప్పుడు యెరూషలేములోని మతాచార్యులది. పైగా ఆ తిరిగిరావడం ఒక రాజ్యంతో ముడిపడి ఉన్నది. 1948లో లక్షలాది పాలస్తీనీయులు నిర్వాసితులయిన నేలమీద నిలిచిన రాజ్యం అది. 1950 నాటి దాని చట్టం యూదునికి తిరిగివచ్చే హక్కు ఇస్తుంది, ఆ నిర్వాసితునికి ఇవ్వదు. యూదమతం వేరు, ఆ రాజ్యం వేరు అనే వివేకం మనకు ఉండాలి. ఐగుప్తు బానిసత్వాన్ని మరవవద్దన్న ధర్మాన్ని స్వీకరించినవారికి కూడా ఉండాలి.

ఒక విపర్యాసం గమనించదగింది. మార్క్సు తండ్రి ప్రష్యా ప్రభుత్వం కింద న్యాయవాద వృత్తి నిలుపుకోవడానికి యూదమతం వదిలి లూథరన్ క్రైస్తవుడయ్యాడు. 1824లో పిల్లలకూ బాప్తిస్మం ఇప్పించాడు. పందొమ్మిదవ శతాబ్దపు ఐరోపాలో యూదుడు గౌరవం కోసం చర్చికి పోయాడు. ఇరవయ్యవ శతాబ్దం చివర గుంటూరు జిల్లాలో క్రైస్తవుడు గౌరవం కోసం సమాజమందిరానికి వచ్చాడు. దారులు ఎదురెదురు, తరిమిన శక్తి ఒక్కటే. మనిషి ఉన్నచోట ఉన్నట్టుగా సమానుడు కాలేని సమాజం అది.

ఈ ప్రశ్న మన సాహిత్యానికి కొత్తది కాదు. 1922లో ఉన్నవ 'మాలపల్లి' రామదాసు కుటుంబానికి భక్తిలోనూ సంఘసంస్కారంలోనూ దారి వెతికింది. 1941లో జాషువ 'గబ్బిలం' వెలువడింది. క్రైస్తవ కుటుంబంలో పుట్టిన కవి, తన కథానాయకుని మొర కాశీలోని శివునికి ఎందుకు పంపించాడని మా తరగతిలో ఒక విద్యార్థిని అడిగింది. మంచి ప్రశ్న. పరలోకంలో రక్షణ దొరికినవాడు కూడా ఈ దేశపు దేవుణ్ణి ఈ దేశపు న్యాయం అడగక తప్పదు. ఫిర్యాదు నేరం జరిగిన ఊళ్ళోనే ఇవ్వాలి కదా. 2000లో వచ్చిన కల్యాణరావు నవల 'అంటరాని వసంతం'లో కరవుకాలంలో కాలువ పనికి వెళ్ళిన శివయ్య సీమోను అవుతాడు. తరువాతి తరాలు భూమి దగ్గరకు, పోరాటం దగ్గరకు వస్తాయి. మతాంతరాన్ని మెట్టుగా చూసిన ఆ నవల, ఆ మెట్టుమీద ఒక మనిషి ఆగి తన విశ్వాసాన్ని తానే తర్కించుకోవడాన్ని కొంత చూపింది. కాని రక్షణ అనే భావాన్నే విప్పి చూసి, ఇది నాకు చాలదని పక్కన పెట్టిన కూలీ మనిషి ఆలోచనను కేంద్రంగా తీసుకున్న తెలుగు నవల నాకు తెలిసినంతలో రాలేదు. కొత్తరెడ్డిపాలెం ఆ నవలకు వస్తువు.

ఆ నవల రాయదలచుకున్నవారు రెండు ప్రలోభాలను జయించవలసి ఉంటుంది. ఆ కుటుంబాలను వింతమనుషులుగా చూపించడం ఒకటి. వార్తాపత్రికలు ఆ పని చేస్తూనే ఉన్నాయి. వారి నోట మన సిద్ధాంతాన్ని పలికించడం రెండవది. శుక్రవారం సందెవేళ దీపం వెలిగించే స్త్రీ మర్నాటి కూలిని ఎట్లా సర్దుకుంటుంది? పెళ్ళి సంబంధానికి వచ్చిన క్రైస్తవ మేనమామకు ఆమె ఏమి సమాధానం చెబుతుంది? బడి దరఖాస్తులో కులం గడిలో, మతం గడిలో ఏమి రాస్తుంది? ఏసును విడిచినందుకు రాత్రి ఆమెకు భయం వేస్తుందా? ఇవి అడిగితే వస్తువు దానంతట అదే నడుస్తుంది.

విమర్శకులకు, ఉద్యమకారులకు ఇందులో వేరే పాఠం ఉన్నది. మేము ఎవరము అని అడిగినవారికి మనం కూలిరేట్ల పట్టిక చూపించాము. కూలిరేటు కావలసిందే, దాని కోసం పోరాడవలసిందే. కాని ఆ ప్రశ్నకు అది జవాబు కాదు. పూర్వగౌరవం అక్కరలేకుండా, గోత్రం చూపించనక్కరలేకుండా, ఎవరి ధ్రువపత్రమూ లేకుండా మనిషికి గౌరవం దక్కే సంఘాన్ని మన సంఘాలలోనైనా నిర్మించి చూపించామా? గనిలో దిగిన షిఫ్టులో ఎవరి ప్రాణం ఎవరి చేతిలో ఉన్నదో కులం అడగకుండానే తెలుస్తుంది. పైకి వచ్చి కాలనీలో విడిపోయాక ఆ ఎరుక ఎందుకు నిలవదు? ఈ ప్రశ్నకు ఆచరణలో సమాధానం చెప్పేదాకా, రక్షణను మరొకచోట వెతుక్కున్న మనిషిని భ్రమలో ఉన్నాడనే హక్కు మనకు రాదు.